బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం

మా అమ్మ ఎనిమిదిమందిని కన్నది. ఇప్పుడు మేము ఐదుగురం ఉన్నాం. ఈ వ్యాసం ఐదుగురం కలిసి రాస్తున్నాం. మాలో ఇద్దరికి చదువు రాదు. ఒకరు ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతున్నారు. కలం పట్టింది ఒకరే గానీ చెప్పినవాళ్ళం అందరమూ. అందుకే ‘నేను’ అని రాయకుండా ‘మేము’ అని రాస్తున్నాం.

మేము కొండరెడ్లం. మారేడుమిల్లి దాటి, ఘాటు రోడ్డు వదిలి, ఒక వాగు దాటి ఎక్కితే మా ఊరు. ఊరి పేరు రాయడం లేదు. ఇలాంటి కథ ఒక్క మా ఊరిదే కాదు. ఒకప్పుడు మా ప్రాంతాన్ని తూర్పు గోదావరి ఏజెన్సీ అనేవారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిశాం. జిల్లా పేరు మారినా పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ రంపచోడవరం, అక్కడ కాదంటే రాజమండ్రి, కాకినాడ దిగవలసిందే.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా మేనకోడలు. మా పెద్దక్క కూతురు. పందొమ్మిదేళ్ళ పిల్ల. చంకలో ఐదు నెలల పాప. పోయిన మామిడి పండుగకు పుట్టింటికి వచ్చినప్పుడు, అందరూ నిద్రపోయాక, మాలో పాఠాలు చెప్పే చెల్లెలి పక్కన కూర్చుని అడిగింది.

“పిన్నీ, నాకు ఇంకో బిడ్డ కావాలి. కానీ ఇప్పుడే వద్దు. అలా కుదిరే దారి ఏదైనా ఉందా?”

“డాక్టర్ని అడగలేకపోయావా?” అన్నాం.

“అడిగాను. ఇద్దరు పుట్టాక రా, అప్పుడు ఆపరేషను చేయిస్తాం అన్నారు. మా అత్తేమో, మగపిల్లాడు పుట్టేదాకా ఆస్పత్రి గడప తొక్కొద్దంటోంది.”

ఒకరు ఆపేయమంటున్నారు. ఒకరు ఆగొద్దంటున్నారు. ఆ పిల్ల అడిగింది ఈ రెండూ కాదు, కాస్త ఎడం. ఆ రాత్రి మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తెల్లారాక అమ్మను కూర్చోబెట్టుకుని మా ఇంటి లెక్క తీశాం.

మా అమ్మకు తేదీలు తెలియవు. మా కొండలమీద పాతవాళ్ళెవరికీ తెలియవు. కానీ ఏ బిడ్డ ఏ గాలివానకు, ఏ వరదకు పుట్టిందో తెలుసు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా పెద్దలకు అలాంటి గుర్తు. భద్రాచలం దగ్గర నీరు 75 అడుగులు దాటిన వరద అది. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటల్ని పడగొట్టిన తుపాను ఇంకో గుర్తు. ఈ రెండింటినీ పట్టుకుని ముందుకూ వెనక్కూ లెక్కేశాం. ఒక పాత క్యాలెండరు వెనకవైపు గీతలు గీశాం.

పెద్ద వరదకు ముందు ఏడాది మా పెద్దక్క పుట్టింది. అక్కకు మూడేళ్ళు నిండాక అన్న పుట్టాడు. అన్న పుట్టిన మూడేళ్ళకు మూడో బిడ్డ, ఇప్పుడు పాఠాలు చెప్పే మా చెల్లెలు. అంతవరకూ మా ఇంట్లో చావు లేదు.

మూడో బిడ్డ పుట్టిన పద్నాలుగు నెలలకే నాలుగోవాడు పుట్టాడు. ఎలకపిల్లంత ఉన్నాడని అమ్మ చెబుతుంది. పాలు లాగే బలం లేదు. తొమ్మిదో రోజు పోయాడు. ఆ తర్వాత ఏడాది తిరిగిన కొద్ది రోజులకే ఐదో బిడ్డ. ఆడపిల్ల. ఐదో నెలలో విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. ఆ తర్వాత మూడేళ్ళు గడిచాయి. తుపాను నెలలో ఆరోవాడు పుట్టాడు. బొద్దుగా ఉండేవాడట. పద్నాలుగు నెలలకు ఏడోవాడు పుట్టాడు. ఏడోవాడు బతికి ఇప్పుడు ఈ వ్యాసంలో మాతో ఉన్నాడు. పోయింది ఆరోవాడు, రెండేళ్ళు నిండకుండానే. మరి మూడేళ్ళకు ఎనిమిదోది, మా చిట్టచివరి చెల్లెలు. ఆ తర్వాత అమ్మ ఆపరేషను చేయించుకుంది.

గీతలు గీసి చూస్తే ఎవరూ మాట్లాడలేదు. మూడేళ్ళ ఎడం ఉన్నచోట బిడ్డ నిలిచింది. గీతలు దగ్గరపడ్డచోట బిడ్డ పోయింది. ఆరోవాడి సంగతి వేరు. వాడికి ముందు మూడేళ్ళ ఎడం ఉంది, వెనక లేదు. ఎడం అనేది పుట్టబోయే బిడ్డకు ఎంత అవసరమో, అప్పటికే పుట్టి చంకలో ఉన్న బిడ్డకూ అంతే అవసరమని మాకు ఆ క్యాలెండరు మీద అర్థమయింది.

ఒక్క ఇంటి లెక్క రుజువు కాదని మాకు తెలుసు. ఎడం తక్కువైనా మా ఏడోవాడు బతికాడు. మా ఊళ్ళో ఎడం ఉండీ జ్వరానికి పోయిన పిల్లలున్నారు. అందుకని పెద్ద లెక్కలు వెతికాం. మన దేశంలో 1992-93లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదలయింది. ఆ సర్వేకు వచ్చేవాళ్ళు తల్లిని, ఉన్న పిల్లల గురించే కాదు, పోయిన పిల్లల గురించి కూడా అడుగుతారు. ఎప్పుడు పుట్టారు, ఎన్నాళ్ళు బతికారు అని ఒక్కొక్కరి గురించి రాసుకుంటారు. లక్షల మంది తల్లులు చెప్పినవి కలిపి చూస్తే మా క్యాలెండరు వెనక ఉన్న గీతలే పెద్దవై కనిపిస్తాయి. ముందు బిడ్డకు రెండేళ్ళు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఏడాదిలోపు చావులు, మూడేళ్ళ ఎడంతో పుట్టిన పిల్లల్లో కంటే బాగా ఎక్కువ.

2006లో ఒక అమెరికా వైద్య పత్రికలో 67 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. కాన్పయిన ఆర్నెల్లలోపే మళ్ళీ నెల తప్పితే, పద్దెనిమిది నెలలు దాటాక నెల తప్పినవారితో పోలిస్తే, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం 40 శాతం, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం 61 శాతం ఎక్కువని అందులో తేలింది. మరీ ఐదేళ్ళ దాకా ఎడం పోయినా మళ్ళీ కొంత ప్రమాదం పెరుగుతుందని కూడా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో నిపుణులను కూర్చోబెట్టి చెప్పించిన మాట ఇది: బిడ్డ పుట్టాక కనీసం 24 నెలలు ఆగి అప్పుడు నెల తప్పాలి. కడుపులో తొమ్మిది నెలలు కలుపుకుంటే ఇద్దరు బిడ్డల మధ్య దాదాపు మూడేళ్ళు. గర్భం పోయిన తల్లి అయితే కనీసం ఆరు నెలలు ఆగాలి.

మూడేళ్ళు అన్నమాట చదవగానే మాకు మా మామ్మ గుర్తొచ్చింది. అయ్యను కన్న తల్లి. ఆమె బతికున్నంతకాలం మా అమ్మకు మూడేళ్ళకొక కాన్పే. మామ్మకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలియదు. ఆమెకు తెలిసింది మూడు గుర్తులు. “బిడ్డ వాగు దాకా నడిచెళ్ళి రావాలి. ఆకలేస్తే నోటితో అడగాలి. తన కూడు తన చేత్తో తినాలి. ఈ మూడూ అయ్యేదాకా ఇంకో కడుపు వద్దు” అనేది. అంతవరకూ బిడ్డ తల్లి దగ్గరే పడుకోవాలి. అయ్య బయట అరుగు మీద పడుకోవాలి. అడగడానికి సిగ్గుపడ్డ విషయం, ఇప్పుడు అమ్మే నవ్వుతూ చెప్పింది.

మామ్మ మాట వెనక శరీరం చేసే పనీ ఉంది. బిడ్డ పగలూ రాత్రీ చన్ను కుడుస్తుంటే తల్లికి నెలసరి తొందరగా తిరిగి రాదు. దీన్ని వైద్యులు కూడా ఒప్పుకున్నారు. బిడ్డకు ఆరు నెలల లోపు ఉండాలి, తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టకూడదు, తల్లికి నెలసరి తిరిగి రాకూడదు. ఈ మూడూ ఉన్నంతకాలం నూరుమంది తల్లుల్లో గర్భం వచ్చేది ఇద్దరికి మించదు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ కాపుదల పోయినట్టే.

మరి మా ఇంట్లో అది ఎక్కడ తప్పింది? మూడో బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకు మామ్మ పోయింది. ఆ ఏడు పోడు పండలేదు. అమ్మా అయ్యా నాట్లకు మైదానం దిగారు. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవలు పారే ఊళ్ళలో పని దొరికేది. 1852లో ఆ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాకు రెండు పంటలు. నది మా కొండల మధ్య నుంచే దిగినా మాకు ఆ నీరు రాలేదు. కాబట్టి నీళ్ళున్న చోటికి మేమే దిగాలి. పసిబిడ్డను ఆరేళ్ళ పెద్దక్క దగ్గర పాకలో వదిలి అమ్మ పొద్దున్నే చేలోకి వెళ్ళేది. మళ్ళీ చీకటి పడ్డాక పాలు. పగలంతా బిడ్డకు గంజినీళ్ళు. పగలు పాలు తాగకపోయేసరికి నెలసరి తొందరగా తిరిగొచ్చింది. పక్కన అడ్డుపడే మామ్మ లేదు. పాక ఒకటే, అరుగు లేదు. నాలుగోవాడు కడుపున పడ్డాడు.

ఆ తొమ్మిది నెలలూ అమ్మ ఒంట్లో ఏం మిగిలింది? ముగ్గురిని కని, పాలిచ్చి, నాట్లు వేసిన ఒళ్ళు. కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టాలంటే ఇనుము కావాలి. పాలిచ్చినన్నాళ్ళు పోలిక్ ఆమ్లమనే విటమిను తరిగిపోతుంది. అవి మళ్ళీ నిండడానికి చాలా నెలలు పడుతుంది. మంచి తిండి ఉంటేనే అది కూడా. మాకు ఆ రోజుల్లో వానాకాలమంటే మామిడి టెంకల అంబలి, జీలుగు చెట్టు బెరడు లోపలి పిండి. కడుపులో బిడ్డకు ఇవ్వడానికి తల్లి దగ్గర లేనిది బిడ్డకు ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగోవాడు పోయాక ఐదోది ఎందుకంత తొందరగా వచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. బిడ్డ పోతే పాలు తాగే నోరు ఉండదు. పాలు ఇంకిపోతాయి. నెలసరి వెంటనే వస్తుంది. పోయిన బిడ్డ బదులు ఇంకొకరు కావాలని ఇల్లంతా అంటుంది. అలా ఒక చావు ఇంకో తొందరపాటు కాన్పును తెస్తుంది, ఆ కాన్పు ఇంకో చావుకు దారితీస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికే ఎక్కువ ఎడం కావాలి. మన ఊళ్ళలో ఆమెకే తక్కువ దొరుకుతుంది.

ఆరోవాడి గురించి చెప్పడం మాకు కష్టం. అన్నకు వాడు బాగా గుర్తు, అప్పటికి అన్నకు పదేళ్ళు. వాడికి ఐదారు నెలలప్పుడు అమ్మ మళ్ళీ నెల తప్పింది. “కడుపుతో ఉన్న తల్లి పాలు విషం” అని పక్కింటివాళ్ళు చెప్పారు. ఒక్క రోజులో పాలు మాన్పించారు. చోడి జావ, గంజి పట్టారు. తమ్ముడు పుట్టేసరికి వాడి పొట్ట ఉబ్బింది, పాదాలు వాచాయి, జుట్టు ఎర్రబారింది. ఎవరితోనూ ఆడేవాడు కాదు. గుమ్మంలో కూర్చుని అమ్మ ఒడిలో ఉన్న తమ్ముణ్ణే చూసేవాడు. దయ్యం పట్టిందని నిమ్మకాయలు కోశారు. తర్వాత పొంగు పోసింది. పోయాడు.

వాడికి పట్టింది దయ్యం కాదు. ఆ జబ్బుకు వైద్యంలో క్వాషియోర్కర్ అని పేరు. ఆ మాట ఎక్కడిదో తెలిసినప్పుడు మేము చాలాసేపు ఆశ్చర్యపోయాం. అది ఇంగ్లీషు మాట కాదు, లాటిన్ కాదు. ఆఫ్రికాలో ఇప్పటి ఘానా దేశంలో గా అనే జాతి వాళ్ళ భాషలోది. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. 1930ల్లో అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఆ తల్లుల్ని అడిగి, వాళ్ళ మాటనే 1935లో లాన్సెట్ పత్రికలో రాసింది. అప్పటినుంచి లోకంలోని డాక్టర్లందరూ ఆ జాతివాళ్ళ మాటనే వాడుతున్నారు. చదువురాని తల్లులకు జబ్బు పేరులోనే కారణం తెలుసు. మన తల్లులకూ తెలుసు. వాళ్ళ మాట రాసుకున్నవాళ్ళే తక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కడుపుతో ఉన్న తల్లి పాలు విషం కాదు. నెలలు పెరిగేకొద్దీ పాలు తగ్గుతాయి, అంతే. తాగుతున్న బిడ్డను ఒక్కసారిగా మాన్పించడమే ప్రమాదం. మాన్పించాల్సి వస్తే మెల్లగా మాన్పించాలి. ఆర్నెల్లు దాటిన బిడ్డకు గంజినీళ్ళు సరిపోవు. పప్పు, గుడ్డు, నూనె, ఆకుకూర కలిపి మెత్తగా పెట్టాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్లు ఆ బిడ్డకే పెట్టాలి, ఇంట్లో అందరికీ పంచకూడదు.

ఇదంతా తీసుకుని ఊరి పెద్దల దగ్గర కూర్చున్నాం. ఒక తాత కోప్పడ్డాడు. “మనం ఉన్నదే కొద్దిమంది. పోలవరం నీళ్ళొచ్చి కొన్ని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు మీరు కూడా పిల్లల్ని కనొద్దంటారా? మన జాతి మిగలాలా వద్దా?” అన్నాడు.

తాత భయం ఉత్త భయం కాదు. ప్రభుత్వం లెక్కలో కూడా మేము ఆదిమ తెగ, పీవీటీజీ. 1952లో మన దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. లోకంలో ప్రభుత్వం నడిపిన మొదటి కార్యక్రమం అదే. అప్పటినుంచీ, ముఖ్యంగా 1975-77 అత్యవసర పరిస్థితి రోజుల్లో, అది మన దగ్గరికి ఎక్కువగా ఆపరేషను రూపంలోనే వచ్చింది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషను చేయించుకున్నారు. ఎడం కోసం వాడే పద్ధతులన్నీ కలిపినా రెండు శాతానికి మించవు. అంటే మన రాష్ట్రంలో ఆడపిల్ల చిన్న వయసులో పెళ్ళాడి, వెంటవెంటనే ఇద్దర్ని కని, పాతికేళ్ళు రాకుండానే ఆపరేషను బల్ల ఎక్కుతోంది. బిడ్డల సంఖ్య తగ్గింది. ఎడం మాత్రం పెరగలేదు. ఎంతమంది అని అందరూ అడుగుతారు. ఎప్పుడు అని అడిగేవాళ్ళు లేరు.

మేము తాతతో అన్నాం: “కనొద్దని చెప్పడానికి రాలేదు తాతా. మా అమ్మ ఎనిమిదిమందిని కంటే ఐదుగురం మిగిలాం. ఎడం ఉంటే ఆ ముగ్గుర్లో ఇద్దరైనా మిగిలేవాళ్ళేమో. జాతి పెరగడమంటే కనడం కాదు, కన్నవాళ్ళు బతకడం.” తాత జవాబు చెప్పలేదు. కొంతసేపయ్యాక, “పోడు నేలను కూడా మూడేళ్ళు కొట్టి వదిలేసేవాళ్ళం కదా. అడివి లేచాకనే మళ్ళీ కొట్టేవాళ్ళం” అన్నాడు. అక్కడే తలుపు పక్కన కూర్చున్న అమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. “నేల చచ్చిపోదు మావా. మళ్ళీ మొలుస్తుంది. ఆడది చచ్చిపోతుంది” అంది. తాత తల వంచుకున్నాడు.

ఒక ప్రశ్న మాకూ వచ్చింది. రాజమండ్రిలో ఏడాదిన్నర తేడాతో ఇద్దరు పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు బాగానే ఉన్నారు. మరి ఎడం గురించి మనకెందుకు ఇంత? 2019లో వచ్చిన ఒక అధ్యయనం దీనికి జవాబు చెబుతుంది. చాలా దేశాల్లో ఒకే తల్లి పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చి చూశారు. తిండి, ఆస్పత్రి, చదువు ఉన్నచోట ఎడం తక్కువైనా పెద్ద నష్టం కనిపించలేదు. అవి లేనిచోటే బిడ్డ ప్రాణం ఎడం మీద ఆధారపడుతోంది. రాజమండ్రి తల్లికి రక్తం తక్కువైతే సాయంత్రానికి ఎక్కిస్తారు. మా తల్లిని డోలీలో వాగు దాటించాలి. కాబట్టి ఎడం కావాల్సింది మాకే ఎక్కువ. అలాగని రోడ్డు, ఆస్పత్రి అడగడం మానం. అవి వచ్చేదాకా మా పిల్లల్ని మేము కాపాడుకోవాలి కదా అంటున్నాం.

ఇప్పుడు మా మేనకోడలి ప్రశ్నకు జవాబు. మేము ఆశా కార్యకర్తను, ఏఎన్ఎం అమ్మను ఇంటికి పిలిచి అడిగాం. అడిగితే చాలా చెప్పారు. 2017 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో అంతర అనే ఇంజెక్షను ఉచితంగా ఇస్తున్నారు. మూడు నెలలకొకటి. కాన్పయిన ఆరు వారాలు దాటితే పాలిచ్చే తల్లి కూడా తీసుకోవచ్చు. నెలసరి తప్పుతుంది, ఒక్కోసారి మధ్యలో మరకలు కనిపిస్తాయి. ముందే చెబితే ఆడపిల్ల భయపడదు. మానేశాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అదే ఏడాది వచ్చిన ఛాయ మాత్రల్లో హార్మోను లేదు. అవి మన దేశంలోనే, లక్నోలోని పరిశోధనా సంస్థలో కనిపెట్టినవి. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. కాపర్-టీ ఉంది. కాన్పయిన 48 గంటల లోపు ఆస్పత్రిలోనే వేయించుకోవచ్చు, లేకపోతే ఆరు వారాల తర్వాత. ఐదేళ్ళది, పదేళ్ళది రెండు రకాలు. తీయించుకుంటే మళ్ళీ బిడ్డ పుడుతుంది. ఇక 1968 నుంచి ఉన్నది నిరోధ్. ఆ పేరు ఎత్తగానే మా అన్న లేచి బయటకు వెళ్ళబోయాడు. కూర్చోబెట్టాం. ఎడం ఆడదాని పని మాత్రమే అయితే అయ్య అరుగు మీద ఎందుకు పడుకున్నాడు మరి?

ఏది ఎవరి ఒంటికి సరిపోతుందో పరీక్ష చేసి ఆస్పత్రివాళ్ళే చెప్పాలి. రక్తపోటు, రక్తం తక్కువ వంటివి చూసే ఇస్తారు. మేము చెప్పేది ఒక్కటే. ఇవన్నీ ఉన్నాయని మన పిల్లలకు తెలియాలి. అడిగినప్పుడు “ఇద్దరయ్యాక రా” అనకుండా ఇవ్వాలి.

మేనకోడలు ఇంజెక్షను తీసుకుంది. భర్తను ఒప్పించడం మా అన్న పని అయింది. పోయిన తమ్ముడి సంగతి చెప్పి ఒప్పించాడట. అత్తతో మా అమ్మ మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు చెప్పలేదు. రెండో ఇంజెక్షను తేదీ నడి వానాకాలంలో పడింది. వాగు పొంగి పన్నెండు రోజులు దారి లేదు. ఆ పిల్ల ఏడుస్తూ ఫోను చేసింది, కొండెక్కి సిగ్నలు దొరికిన చోటినుంచి. తేదీ దాటిన నాలుగు వారాల దాకా వేయించుకోవచ్చని ఏఎన్ఎం చెప్పాక శాంతించింది. వాగు తగ్గిన రోజునే దిగి వేయించుకుంది. ఆ ఇంజెక్షను వాగు అవతల కాకుండా వాగు ఇవతల దొరికితే ఎంత బాగుండు. ఈ మాట ఐటీడీఏ వాళ్ళకు రాసి ఇచ్చాం. మీరూ రాయండి.

ఉపాధ్యాయులకు మా విన్నపం. ఎడం మొదలయ్యేది మొదటి బిడ్డ దగ్గర కాదు, పెళ్ళి దగ్గర. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలి. పదో తరగతి అయ్యాక ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికి వెళ్ళిన ఆడపిల్ల ఇంటర్లో చేరిందా లేదా అని జూన్ నెలలో ఒక్కసారి వాకబు చేయండి. మా చెల్లెలు చేస్తోంది. అందరూ తిరిగి రారు. వచ్చిన వాళ్ళున్నారు. జీవశాస్త్రం పాఠంలో ఆ అధ్యాయం వచ్చినప్పుడు “మీరే చదువుకోండి” అని దాటేయకండి. మన పిల్లలకు ఆ పాఠం చెప్పే మనిషి బడిలో తప్ప ఎక్కడా లేడు.

యువకులకు మరో మాట. మీ ఇంట్లో ముసలివాళ్ళు బతికుండగానే కూర్చుని, మీ అమ్మ కన్న బిడ్డలందరి లెక్కా రాసుకోండి. పోయినవాళ్ళను వదలకండి. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది గానీ మా ముగ్గురి పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు. నాలుగోవాడికి అసలు పేరే పెట్టలేదు.

ఆ క్యాలెండరు ఇప్పుడు మా ఇంట్లో గోడకు వేలాడుతోంది, గీతలున్న వైపు బయటకు తిప్పి. కింద బొగ్గుతో మేనకోడలి తర్వాతి ఇంజెక్షను తేదీ రాసి ఉంది. పాప ఇప్పుడు గోడ పట్టుకుని అడుగులు వేస్తోంది. వాగు దాకా నడవడానికి ఇంకా చాలా రోజులుంది.

మొన్న ఎవరో సర్వే వాళ్ళు వచ్చి మా అమ్మను ఎంతమంది పిల్లలమ్మా అని అడిగారు. ఐదుగురం పక్కనే ఉన్నాం. అమ్మ మావైపు చూడలేదు. “ఎనిమిదిమంది” అంది.